జంఖానా కింది డబ్బా

“వాడు ఏమన్న చేసుకుంటే?”

సీతాబాయి పొద్దుటి నుంచి ఈ మాట అనడం ఇది నాలుగోసారి. మొదట పొయ్యితో అన్నది. తర్వాత నల్లా కింది బిందెతో అన్నది. ఆ తర్వాత లోపలి నుంచి గడియ పెట్టిన తలుపుతో అన్నది. ఇప్పుడు మొగుడితో అన్నది. వీళ్లలో బిందే నయం. నిండితే చప్పుడన్నా చేస్తుంది.

సక్రు మంచం పట్టె మీద కూర్చుని ఉన్నాడు. నిన్న సాయంత్రం తెలంగాణ సమ్మె శిబిరం నుంచి వచ్చి ఎట్లా కూర్చున్నాడో ఇప్పటికీ అట్లాగే ఉన్నాడు. భుజం మీది కండువా కూడా తీయలేదు. ఇరవై రెండేళ్లు బొగ్గుబాయిలో దిగి ఎక్కిన మనిషి. కింద పైకప్పు పెళ్ళలు రాలినప్పుడు అందరికంటే ముందు కేకేసేది ఈయనేనని క్వార్టర్లలో గొప్పగా చెప్పుకుంటారు. ఇంటి పైకప్పు కూలుతుంటే మాత్రం నోట్లో బెల్లంగడ్డ పెట్టుకుని కూర్చున్నాడు.

“రోజూ పేపర్ల ఎంతమంది పిల్లల ఫోటోలు పడుతున్నయ్ చూస్తలేవా? అందరూ గిట్లనే తలుపులు పెట్టుకున్నోళ్లే. నీకు చీమ కుట్టినట్టన్న లేదేంది?”

సక్రు కండువా కొసను మడిచాడు. మళ్లీ విప్పాడు.

అప్పుడే తలుపు కింది సందులోంచి సన్నగా పొగ వచ్చింది.

“పొగ! ఓ తుల్సీ! ఓ తుల్సీరాం!” సీతాబాయి రెండు చేతులతో తలుపు బాదింది. “తియ్యిరా! నీ కాల్మొక్కుత, తియ్యి!”

“సోల్డరింగ్ చేస్తున్న యాడీ,” లోపలి నుంచి కొడుకు గొంతు విసుగ్గా వచ్చింది. “అతుకు పెడితే పొగ రాక పన్నీరొస్తదా? అరవకు.”

ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. వచ్చిన ప్రాణం క్షణం కూడా కుదురుగా ఉండలేదు, కోపమై కూర్చుంది. పది రోజులుగా ఇల్లంతా ఇదే వాసన. గుగ్గిలం వేసినట్టే ఉంటుంది, కానీ ఏ దేవుడికీ అందని గుగ్గిలం.

పిల్లవాడు హైదరాబాదులో సౌండు చదువు చదువుతున్నాడు. చుట్టాలు దాన్ని మైకుసెట్టు చదువంటారు. సమ్మెతో కాలేజీ మూతపడి ఇంటికొచ్చాడు. వచ్చేటప్పుడు బట్టలు ఒక సంచి, వైర్లు రెండు సంచులు. గిటారు మోతను మార్చే డబ్బాలట, కాలితో తొక్కేవట, పెడల్ అంటారట. సీనియర్లు పారేసినవి తెచ్చి, విప్పి, కడుపులోవి తీసి వేరేవి పెడతాడు. గిటారు ఉన్నదా అంటే లేదు. గుర్రం లేదు గానీ కళ్లేలు మాత్రం నాలుగు రకాలున్నాయి.

సెల్లు మోగింది. మరిపెడ దగ్గరి తండా నుంచి తమ్ముడు తావుర్యా.

“అక్కా, మీ వోడు పటేలుతోని మంచి పాట పాడిచ్చిండు కదనే!”

“నీ నోట్ల పురుగులు పడ. గీ సంగతి మరిపెడ దాకా వచ్చిందా?”

“మరిపెడ ఏంది, జనగామ దాకా పోయింది. ఎవడో సెల్లుల రికార్డు చేసిండు. ఇగ ఒకని నుంచి ఒకనికి బ్లూటూత్. మా తండ పోరగాళ్లు రింగుటోను పెట్టుకున్నరు.”

“నవ్వుతున్నవా? ఈడ నా కొడుకును ఏం చేస్తరోనని నా పానం పోతుంటే నువ్వు నవ్వుతున్నవా?”

“నవ్వక ఏం చెయ్యాలెనే అక్కా? మొన్న రాస్తారోకోకు లారీల మమ్ముల కుక్కుకపోయినప్పుడే ఏడ్వాల్సింది. అప్పుడు జెండలు పట్టుకోని పాటలు పాడుకుంట పోయినం.”

ఆమె ఫోను పెట్టేసింది.

నిన్నటి సంగతి నలుగురూ నలభై రకాలుగా చెప్పుకుంటున్నారు గానీ జరిగింది ఇంతే. భూపాలపల్లి శిబిరంలో ధూంధాం పెట్టారు. పాట పాడే సోనికి మైకులో ఎకో కావాలి. బావిలోంచి పాడినట్టు వినబడకపోతే జనం దాన్ని పాటనుకోరు. తుల్సీరాం గిటారుకు చేసిన డబ్బా ఒకటి మార్చి ఆమె మైకుకు తగిలించాడు. తీగ మీటినా మాట అన్నా ఆ మోతను మళ్లీ మళ్లీ తిప్పి పంపే డబ్బా అది. దానికి ఇంటి గుమ్మం దగ్గర ఉండే బెల్లు బటన్ ఒకటి వైరుతో కలిపి, ఆడుతూ పాడే మనిషి కాలికి అందేట్టు రెండూ వేదిక మీద పరిచిన జంఖానా కింద పెట్టాడు. బటన్ తొక్కి పట్టినంతసేపు ఆఖరి మాట ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. పాట చివర సోని “జై” అని తొక్కిపట్టింది. జనం ఊగిపోయారు.

తర్వాత శిబిరం నడిపే మహీధరన్న, తండాలవాళ్లు పటేలు అనే ఆయన, లేచాడు. అదే మైకు, అదే చోటు. ఉపన్యాసానికి ముందు అమరులకు రెండు నిమిషాల మౌనం పాటించాలన్నాడు. అందరూ లేచి తలలు వంచారు. మహీధరన్న కూడా తల వంచి, ఆ వంచిన తలను కొంచెం పక్కకు తిప్పి, తన వెనక ఉండే కొండల్‌ను మెల్లగా అడిగాడు.

“తండా గొర్రెలొచ్చినయా?”

గుసగుస మాట అది. ముందు వరుసలో ఉన్నవాడికి కూడా వినిపించేది కాదు. కానీ మైకు మూతి దగ్గరే ఉన్నది, పక్కకు తిరగడంలో మనిషి బరువు బటన్ మీద పడింది. నాలుగు దిక్కులా కట్టిన నాలుగు మైకు గొట్టాలు అందుకున్నాయి. తండా గొర్రెలొచ్చినయా. తండా గొర్రెలొచ్చినయా. తండా గొర్రెలొచ్చినయా.

మౌనం కాబట్టి ఎవరూ కదలలేదు. మౌనంలో కదిలితే అమరులను అవమానించినట్టు. మహీధరన్న కూడా కదలలేదు. ఆయన కదలలేదు కాబట్టే అది ఆగలేదు. రెండు నిమిషాలు నిండుగా తిరిగింది.

మౌనం ముగిశాక రేగొండ దిక్కు తండాల నుంచి వచ్చిన ఆడవాళ్లు ముందు కదిలారు. చీరల మన్ను దులుపుకుని, ఒక్క మాట అనకుండా, వచ్చిన దారినే పోయారు. వాళ్ల వెంట మొగవాళ్లు. సగం శిబిరం ఖాళీ అయింది. కొండల్ జంఖానా లేపి, డబ్బా దొరకబుచ్చుకుని, చెప్పుకాలితో తన్నాడు.

వేదిక మీద మహీధరన్నకు ఇవతలి పక్కన నిలబడింది సక్రే.

గడియ తీసిన చప్పుడైంది. తుల్సీరాం గడపలో నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, వేలికి కాలిన మచ్చ. చేతిలో ఆ డబ్బా. ఒకప్పుడు సక్రు బాయిలోకి అన్నం తీసుకుపోయిన స్టీలు టిఫిను. ఇప్పుడు మూత సొట్టబోయి ఉంది.

“బువ్వ తినే గిన్నెకు ఐదు బొక్కలు పొడిచినవ్,” అన్నది సీతాబాయి. బతికి ఉన్నావా నాయనా అని అనబోయి ఈ మాట అన్నది. “సమ్మె అయినంక మీ బాపు దేంట్ల కట్టుకపోవాలె?”

“కొత్తది తెస్త.”

“తెస్తవ్! గిటారు వాయించ రాదు గాని డబ్బాలు మాత్రం చేస్తవ్. వంట రానోడు గంటెలు కొన్నట్టు.”

“వాయించెటోళ్లు మస్తుమంది ఉన్నరు యాడీ.”

“మీ సారు గిదే నేర్పిండా? పెద్దమనిషి కాళ్ల కింద డబ్బా పెట్టుమని?”

“మా సారు నేను నోరు తెరిస్తెనే నవ్వుతడు. ‘ఆ యాసతో స్టూడియోలో ఏం చేస్తావయ్యా’ అంటడు. ఆడ నా మాటకు నవ్వుతరు, ఈడ నా డబ్బకు నవ్వుతరు. నిన్న ఒక్కనాడే ఎవ్వలు నవ్వలే.”

సీతాబాయి గొంతు తగ్గించింది. మొగుడు వినకూడదని కాదు. గోడలు పలచన.

“నిజం చెప్పు. ఆంప్లిఫయరు కాడ నువ్వే ఉన్నవు కద. సౌండు తగ్గించే బుడిపె నీ చేతి కిందనే ఉండె కద. తిప్పితే ఏం పోతుండెరా?”

తుల్సీరాం తల్లి ముఖంలోకి చూశాడు.

“మౌనం కద యాడీ. కదలొద్దన్నరు.”

ఆమె చెయ్యి లేచింది. లేచిన చెయ్యి అక్కడే ఆగింది. వీధిలో కారు ఆగిన చప్పుడైంది మరి.

మహీధరన్న భార్య విజయలక్ష్మి దిగింది. వెనక కొండల్. క్వార్టరు మెట్టు ఎక్కేటప్పుడు ఆమె చీర కుచ్చిళ్లు అంత ఎత్తున పట్టుకోవలసిన పని లేదు. సీతాబాయి పొద్దున్నే చల్లి ఊడ్చింది. కొండల్ కుర్చీని తన రుమాలుతో తుడిచాడు. ఆమె చూసి, సరే అన్నట్టు తలూపి, కుర్చీ అంచున కూర్చుంది.

సీతాబాయి స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చింది.

“ఇప్పుడే తాగొచ్చిన సీతా,” అన్నది విజయలక్ష్మి. కొండల్ సంకలోని సీసా ఆమె చేతికి అందింది. రెండు గుక్కలు తాగింది.

సీతాబాయి గ్లాసు తీసుకుపోయి గూట్లో పెట్టింది.

“ఆయనకు బీపీ పెరిగింది. లేకుంటే ఆయనే వచ్చేటోడు. పిలగాడు చిన్నోడు, తెల్వక చేసిండు, వాని మీద కోపం లేదన్నడు. అంత పెద్ద మనసు.” విజయలక్ష్మి ఇల్లంతా ఒకసారి చూసింది. చూడటానికి ఎక్కువసేపు పట్టలేదు. “పదకొండు గంటలకు శిబిరం కాడ అందరూ జమైతరు. వీడొచ్చి మైకు పట్టుకోని ఒక్క మాట చెప్తే చాలు. ఆ మాట అన్న అనలేదు, డబ్బాల ముందుగాల్నే రికార్డు చేసి పెట్టిన, తమాషకు చేసిన అని. అయిపాయె. ఎవల ఇంట్ల వాళ్లం హాయిగ ఉంటం.”

“చెప్తడమ్మా, చెప్తడు,” అన్నది సీతాబాయి వెంటనే. “ఒక్క మాటే కద.”

“డబ్బాల రికార్డింగు లేదు,” అన్నాడు తుల్సీరాం.

సీతాబాయి తమ తండా భాషలో కొడుకును గట్టిగా కసిరింది.

“మీ భాషల గొణుక్కోకుండ్రి. నాకు సమజయ్యేటట్టు మాట్లాడుండ్రి,” అన్నది విజయలక్ష్మి.

“నేనే చెప్త అమ్మా,” అన్నాడు తుల్సీరాం. గోడవారన ఉన్న చిన్న స్పీకరుకు డబ్బా తగిలించాడు. మైకు ఒకటి తెచ్చి ఆమె ముందుకు చాపాడు. “దీంట్ల రెండు చిప్పులున్నయ్, అంతే. ఒక మాట పట్టేంత జాగ. తనంతట తాను ఏం అనదు. మీరు ఏదన్న అనుండ్రి. గదే మళ్ల అంటది.”

విజయలక్ష్మి చటుక్కున వెనక్కి జరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత మాట్లాడిన ప్రతి మాటా ఆ కొంగు వెనక నుంచే మాట్లాడింది. కొండల్ అయితే ఊపిరి కూడా మెల్లగా పీల్చుకున్నాడు.

“తీసెయ్ దాన్ని,” అన్నది. “అయినా గొర్రెలంటే ఏంది? మనోళ్లు అనుకోని ప్రేమతోని అన్నడు. ఇంట్ల పిల్లల్ని గాడిద అనమా?”

“అయితే అన్నడు,” అన్నాడు తుల్సీరాం.

“అనలేదు!”

“ఇప్పుడే ప్రేమతోని అన్నడన్నరు?”

“కొండల్, వీని తెలివి చూసినవా? మైకుసెట్టు చదువుకే ఇంత ఉన్నది. అసలు చదువు చదివితే ఎంత ఉంటుండెనో!”

కొండల్ నవ్వాడు. నవ్వాలి కాబట్టి నవ్వాడు.

విజయలక్ష్మి గొంతు మెత్తబడింది. ఆ మెత్తదనానికే సీతాబాయి భయపడింది. అరిచేవాళ్ల దగ్గర ఆమెకు భయం తక్కువ.

“చూడు సీతా. ఒక డబ్బా. దాంట్ల వైర్లున్నయ్, బ్యాటరీ ఉన్నది. పెద్దమనుషులు నిలబడే కాడ జంఖానా కింద దాచిపెట్టిండు. మీటింగు ముందటనే పెట్టిండు. కొండల్ దాన్ని తన్నిండు గాబట్టి సరిపాయె, ఠాణాల ఇచ్చి ఉంటే? ఈ అడివి దిక్కు పోలీసోళ్లకు వైరు, బ్యాటరీ కనబడితే ఏం యాదికొస్తదో నీకు నేను చెప్పాల్నా?”

చెప్పనక్కర్లేదు. సీతాబాయి చిన్నతనంలోనే తండాలో తెల్లారకముందు బూట్ల చప్పుడు విన్నది. గుడిసెల్లోంచి మగపిల్లలను వరుసగా నిలబెట్టడం చూసింది. అందులో ఇద్దరు మళ్లీ ఇంటికి రాలేదు. వాళ్ల దగ్గర డబ్బా కూడా లేదు.

ఆమె మోకాళ్ల మీద పడి విజయలక్ష్మి పాదాలు పట్టుకుంది. “అమ్మా, నీ బిడ్డ లెక్క అనుకో. వాడు చెప్తడు. నేను చెప్పిపిస్త.”

విజయలక్ష్మి కాళ్లు లోపలికి లాక్కుంది.

“నా కాళ్లెందుకు పట్టుకుంటవ్? పోయి నీ కొడుకు నోరు పట్టు.”

“యాడీ, లే,” అన్నాడు తుల్సీరాం.

ఆమె లేవలేదు. కింద కూర్చునే కొడుకు లుంగీ కొస పట్టుకుంది. “ఒక్క అబద్ధంరా. మీ బాపు బాయి నుంచి వచ్చే దాక రోజూ దేవునికి ఎన్ని అబద్ధాలు చెప్పిన్నో నాకే తెల్వదు. పానం నిలబెట్టే అబద్ధం ఇది. అనెయ్యి. మైకు కాడ అనేసి ఇంటికి రా. ఆ గొర్రె మాట పడితే మనకేం కొత్తనా? మన తాతలు పడలేదా? మనం చచ్చిపోయినమా?”

“నువ్వు అనమంటే అంట యాడీ,” అన్నాడు తుల్సీరాం. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. “కాని తావుర్యా మామ తండకు మళ్ల ఎన్నడూ పోను. మీరూ పోకుండ్రి. నేను తమాషకు వాళ్లను గొర్రెలన్న అని చెప్తున్న గద. అప్పుడు గొర్రెలన్నది పటేలు కాదు, నేను.”

అబద్ధం వెనక ఇంకో మాట ఉన్నదని, అది తమ్ముడి గడపలో పోయి పడుతుందని సీతాబాయికి ఇంతవరకూ తట్టలేదు. చేతిలోని లుంగీ కొస జారిపోయింది.

విజయలక్ష్మికి ఈ లెక్కలు పట్టలేదు. సగం పని అయిందని మంచం వైపు తిరిగింది.

“ఏం సక్రూ? నిన్నటి సంది నోరిప్పలేదట, మాట్లాడవేంది? పన్నెండు దినాలాయె బాయిలు బందువెట్టి. నీ మాట మీద ఎన్ని తండాలు కదిలినయ్! నిన్న సగం మంది లేచిపోయిండ్రు. ఇయ్యాల్ల మిగిలినోళ్లు పోతరు. ఎల్లుండి బాయిలు తెరుస్తరు. సమ్మె ఎట్ల విరిగిందంటే సక్రు కొడుకు డబ్బా వల్ల విరిగింది అంటరు. తెలంగాణ వచ్చినా రాకపోయినా ఆ మాట నీ ఇంటి మీద ఉంటది.”

ఈ దెబ్బ తగిలిందని సీతాబాయికి తెలిసింది. కొడుకును ఠాణాలో వేస్తామన్నప్పుడు కదలని మొగుడి దవడ ఇప్పుడు కదిలింది. ఆమెకు ఆ దవడ మీద ఒళ్లు మండింది. కన్నకొడుకు కంటే సమ్మె ఎక్కువైన మనిషి! మూడేళ్లుగా మహీధరన్న పిలిస్తే తిన్న చెయ్యి కడుక్కోకుండా పోయిన మనిషి! నిన్న వేదిక మీదికి పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడని కొత్త చొక్కా వేసుకుని పోయిన మనిషి! ఆ చొక్కానే ఇంకా ఒంటి మీద ఉన్నది.

“నువ్వు ఆయన పక్కన్నే ఉంటివి,” విజయలక్ష్మి మెల్లగా, ఒక్కొక్క మాటా ఒత్తి అడిగింది. “జానెడు దూరంల ఉంటివి. నీ చెవులతోని విన్నవా? లేకుంటే అందరి లెక్క డబ్బా మాటే విన్నవా? చెప్పు. నువ్వు వినలేదంటే చాలు. పిలగాన్ని మైకు కాడికి కూడా రానియ్య. ఆ మాట నేనిస్తున్న.”

సీతాబాయి తల ఎత్తింది. పిల్లవాడు బయటపడే దారి ఇదే. అబద్ధం కూడా కాదు, ఊరికే తల అడ్డంగా ఊపితే చాలు. ఆమె మొగుడి వైపు కళ్లతోనే దండం పెట్టింది.

సక్రు కండువా కొసను మళ్లీ మడిచాడు.

కొండల్ చేతి గడియారం చూసుకున్నాడు. వీధిలో ఆటో ఒకటి మైకు కట్టుకుని, పదకొండు గంటలకు అందరూ శిబిరానికి రావాలని అరుస్తూ పోయింది. అది మూల తిరిగి వినబడకుండా పోయేదాకా గదిలో ఎవరూ కదలలేదు. పొయ్యి మీద బువ్వ మాడుతున్న వాసన వచ్చింది. సీతాబాయి లేవలేదు. తుల్సీరాం స్పీకరు వైరు పీకేశాడు.

“చెప్పు సక్రూ,” అన్నది విజయలక్ష్మి. ఈసారి కొంగు నోటి మీద నుంచి తీసింది. “విన్నవా, లేదా?”

సక్రు భుజం మీది కండువా తీశాడు. నాలుగు మడతలు వేసి మంచం మీద పెట్టాడు. లేచి నిలబడ్డాడు. నిన్నటి నుంచి వాడని గొంతు మొదట గరగరమని, తర్వాత తేటగా పలికింది.

“డబ్బకు దొరికింది సగమే అమ్మా. ఆయన ఇంకోటి కూడ అన్నడు. అది నేను విన్న. మైకు కాడికి పిలగాడు రాడు, నేనొస్త.”